మూడు పైపులకు ఎన్ని హెచ్‌పీ

జ్యోతిరాణికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చేయడు. తాగడు, పేకాడడు, ఎవరితో గొడవపడడు అని చుట్టుపక్కల ఆడవాళ్లు మెచ్చుకుంటుంటే ఆమె తలూపేది. అందులో ఏదో ఒకటి చేసినా బాగుండేది, ఒప్పుకోవడానికి ఆయన దగ్గర ఏదైనా ఉండేది అని లోపల అనుకునేది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో రాజేందర్ ఒక్కసారి కూడా పొరపడలేదు. నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సనుకుని సామానుతో సహా బాన్సువాడ బస్సు ఎక్కించిన రోజున తప్పు బోర్డు రాసినవాడిది. పప్పులో రెండుసార్లు ఉప్పు తానే వేసిన రోజున తప్పు ఉప్పుది. గోడకు మేకు వంకరగా దిగితే గోడ వంకర.

వాళ్ల ఇల్లు బోధన్‌లో, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీకి పోయే దారిలో ఉంది. ముందు గదిలో రాజేందర్ మోటార్ వైండింగ్ షాపు, వెనక మూడు గదుల్లో సంసారం. చెరకు తగ్గి వరి పెరిగినా బోర్లు తగ్గలేదు కాబట్టి షాపుకు వచ్చిన లోటేమీ లేదు.

కొత్త మోటారు కోసం వచ్చిన ప్రతి రైతునూ రాజేందర్ మూడు ప్రశ్నలు అడుగుతాడు. నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, ఎన్ని పైపులు ఏ సైజువి, కరెంటు ఎట్లా వస్తుంది. ఈ మూడింటికీ సరిపోయేదే మంచి మోటారు. రైతులు మాత్రం ఇంటి నుంచే నాలుగో లెక్క కట్టుకుని వస్తారు. పక్క పొలం వాడిది ఎన్ని హెచ్‌పీ? వాడిది ఏడున్నరైతే వీళ్లకు పది కావాలి. రాజేందర్ వద్దంటాడు. వాళ్లు వినరు. బోరులో ఉన్న నీళ్లకంటే మోటారు ఆకలి ఎక్కువై, ఒట్టిగా తిరిగి తిరిగి కాలిపోతుంది. కాలినదాన్ని ట్రాక్టరులో వేసుకుని మళ్లీ ఈ షాపుకే వస్తారు. ఒకరకంగా ఆ ఇంట్లో పొయ్యి జనం మొండితనం మీదనే వెలుగుతోంది. అందుకే జ్యోతిరాణి మొండితనాన్ని ఎన్నడూ చులకన చేయలేదు.

ఆమెకు తనదంటూ ఒక పని ఉంది. ఆరేళ్లుగా వెనక గదిలో కూర్చుని ఫ్లెక్సీలు డిజైన్ చేస్తోంది. నిజామాబాద్‌లో ఫ్లెక్సీ ప్రెస్సు నడిపే నాగేందర్ వాట్సాప్‌లో ఫొటోలు పంపుతాడు, ఈమె మొహాలు కత్తిరించి, వరసగా పేర్చి, పేర్లు రాసి తిరిగి పంపుతుంది. జిల్లాలో సగం మంది పెద్దమనుషులను ఆమె మొహం చూసి గుర్తుపట్టగలదు. మెడ కింద వాళ్లెట్లా ఉంటారో తెలియదు. బోధన్‌లో అందరూ ఆమెను మోటార్ల రాజేందర్ భార్య అంటారు. ఫోన్ చేసి ‘జ్యోతక్కా’ అని పిలిచే బయటివాడు నాగేందర్ ఒక్కడే.

అన్ని ఫ్లెక్సీల్లోకీ కష్టమైనవి ఊరి అభివృద్ధి కమిటీలవి. లీడర్ల ఫ్లెక్సీలో ఒక తలకాయ పెద్దగా, మిగతావి చిన్నగా ఉంటే చాలు. కమిటీ ఫ్లెక్సీలో ప్రతి కులసంఘం నుంచి ఇద్దరు ముగ్గురు ఉంటారు. అందరి తలకాయలూ ఒక్క కొలత మీద ఉండాలి. అనుమానం వస్తే నిచ్చెన వేసుకుని టేపు పెట్టి కొలుస్తారు. మొన్న వానాకాలంలో నందిపేట్ దిక్కు ఒక ఊరి కమిటీకి అరవై నాలుగు తలకాయల ఫ్లెక్సీ చేసింది. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. కానీ అందులో ఒకాయన రెండు చోట్ల ఉన్నాడు, హన్మాండ్లు అనే ఆయన ఎక్కడా లేడు.

దానికి కారణం ఆమె మానిటరు. పాత చిన్న తెర. ఫ్లెక్సీ మొత్తం కనబడేటట్టు పెడితే ఒక్కొక్క మొహం కందిగింజంత. మొహం కనబడేటట్టు పెడితే మిగతా అరవై మూడు మంది తెర బయట.

"అక్క, హన్మాండ్లు వచ్చి ప్రెస్సుల కూసున్నడు," అని ఆ రోజు నాగేందర్ ఫోన్ చేశాడు. "లేస్తలేడు. నన్ను ఊర్లకెంచి తీసేసిన్రా అంటున్నడు."

ఆ సంగతి ఎట్లాగో సర్దుబాటు అయింది. అయితే కార్తీకం దాటాక నాగేందర్ ఒక ఆటోలో మూడు పెద్ద మానిటర్లు పంపించాడు. మూతపడ్డ తన ఆర్మూర్ బ్రాంచివి. ఒక్కొక్కటీ ఇరవై ఏడు అంగుళాలు, ఫోర్‌కే. మూడింటినీ పక్కపక్కన పెడితే ఫ్లెక్సీని ఫ్లెక్సీలాగానే చూడొచ్చు.

"మెండోర దిక్కు ఒక ఊరి కమిటీ ఫంక్షన్ హాలు కట్టింది. డెబ్బయొక్క తలకాయలు," అన్నాడు ఫోన్‌లో. "శుక్రవారం నాలుగింటికి ఫైలు నా దగ్గర ఉండాలె. తప్పు లేకుంటె ఈ సీజన్ కమిటీల పని మొత్తం నీదే. ఉంటె మాత్రం, ఏమనుకోకు అక్క, హైదరాబాద్‌ల ఒగాయనకు ఇస్త."

తెరలు వచ్చాయిగానీ పాత కంప్యూటరుకు వెనక ఒక్కటే సాకెట్టు ఉంది. మూడు తెరలు నడవాలంటే గ్రాఫిక్స్ కార్డు వేయాలి. జ్యోతిరాణి రెండు రోజులు వంట అయ్యాక కూర్చుని చదివింది, చూసింది, ఇద్దరు ముగ్గురిని అడిగింది. చివరికి క్యాలెండర్ వెనకవైపు మూడు వాక్యాలు రాసుకుంది. మూడు ఫోర్‌కే తెరలకు సరిపోయే సాకెట్లు ఉండాలి. ఫైలు మోయడానికి ఎనిమిది జీబీ మెమరీ చాలు, ఆటలు ఆడేది లేదు. ఇంటి ఇన్వర్టరు మీద నడవాలి. రాసుకున్నాక ఈ మూడు మాటలు ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడో గుర్తొచ్చి నవ్వుకుంది. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఇద్దరూ నిజామాబాద్‌లో ప్రేమ్ కంప్యూటర్ షాపుకు వెళ్లారు. రాజేందర్‌ను ఎవరూ రమ్మనలేదు. కరెంటుతో నడిచే ఏ వస్తువూ ఆయన చూడకుండా ఆ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు, అంతే.

ప్రేమ్ క్యాలెండర్ కాగితం చదివి, "కరెక్ట్‌గ రాసుకున్నవక్క. గీ పనికి గిదే," అని అరలోంచి ఒక చిన్న డబ్బా తీశాడు. కార్డు అరచేయంత ఉంది. వెనక నాలుగు చిన్న సాకెట్లు. ఒకటే ఫ్యాను, అది కుంకుమ భరిణె అంత.

రాజేందర్ దాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఆడించాడు. మోటారులో రాగి ఎంతుందో బరువు చూసి చెప్పే చెయ్యి అది.

"గిండ్ల ఏమున్నది?"

"అక్కకు కావల్సినంత ఉన్నదన్న."

"బరువే లేదు. పెద్దది సూపెట్టు."

ప్రేమ్ జ్యోతిరాణి మొహం చూశాడు. ఆమె గోడ మీద కీబోర్డుల వరస చూస్తోంది. చివరికి అతను అద్దాల అరలోంచి ఇంకొకటి దించాడు. మూరెడు పొడవు, మూడు ఫ్యాన్లు, అంచుల వెంట రంగురంగుల లైట్లు.

"ఆటలాడెటోళ్లు కొంటరన్న గిది. మీకు అక్కర లేదు."

"ఎవలన్న కొన్నరా?"

"మొన్న వర్ని దిక్కు రైస్‌మిల్లు సేటు కొన్కపోయిండు."

అంతే. ఆ మాటతో బేరం అయిపోయిందని జ్యోతిరాణికి అర్థమైంది. షాపులో రైతుల కళ్లల్లో ఎన్నోసార్లు చూసిన వెలుగు, ఇప్పుడు మోటార్ల రాజేందర్ కళ్లల్లో చూసింది. ‘వద్దు’ అని ఒక్కసారి అంది. ‘నీకు తెల్వది’ అని ఆయన ఒక్కసారి అన్నాడు. దానికి పెద్ద పవర్ సప్లై కూడా కావాలని ప్రేమ్ అంటే, అదీ కట్టమన్నాడు. జ్యోతిరాణి చిన్న డబ్బా మీద పేరు ఫోన్‌లో ఫొటో తీసుకుంది.

"గదెందుకే?"

"యాది కోసం," అంది.

ఇంటికొచ్చాక కార్డు కంప్యూటరు డబ్బాలో పట్టలేదు. రాజేందర్ అడ్డొచ్చిన రేకును షాపు కట్టరుతో కోశాడు. బరువుకు కార్డు కిందికి వంగితే వైండింగ్‌కు వాడే చెక్కముక్క ఒకటి దాని కింద ఆనించాడు. పక్క మూత ఇక పెట్టడానికి వీల్లేదు కాబట్టి, గాలి ఆడాలంటే మూత ఉండకూడదు అని చెప్పాడు. స్విచ్ వేయగానే మూడు తెరలూ వెలిగాయి. గది పెళ్లి మంటపంలా రంగులు మారింది.

ఉన్నమాట చెప్పుకోవాలి. పని బాగా సాగింది. డెబ్బయొక్క మంది ఎదురుగా కూర్చుని ఆమెనే చూస్తున్నట్టు ఉంది. పన్నెండో తలకాయ కాస్త చిన్నదని దూరం నుంచే కనిపెట్టింది. రాజేందర్ రెండుసార్లు వచ్చి వెనక నిలబడి, ఏమీ అనకుండా వెళ్లాడు. గెలిచినవాళ్లు ఎక్కువ మాట్లాడరు.

గురువారం పదకొండింటికి కరెంటు పోయింది. అందరి ఇళ్లలో పోయినట్టే పోయింది. ఇన్వర్టరు అందుకుంది, అదే సమయానికి ఫ్రిజ్ కూడా గుర్రుమంది. ఇన్వర్టరు మూడుసార్లు కీచుమని, నాలుగోసారి నోరు మూసుకుంది. ఫ్యాన్లు ఆగాయి. మూడు తెరలూ నల్లబడ్డాయి. నలభై తలకాయలు సేవ్ కాకుండానే పోయాయి.

"ఫ్రిజ్ వల్ల," అన్నాడు రాజేందర్.

ఫ్రిజ్ ప్లగ్గు తీసేశారు. మధ్యాహ్నం మళ్లీ కరెంటు పోయింది. ఈసారి ఫ్రిజ్ లేకుండానే ఇన్వర్టరు పడిపోయింది.

"బ్యాటరీల నీళ్లు తక్కువైనయి," అన్నాడు. నీళ్లు పోశాడు. సాయంత్రం మూడోసారి పడిపోయినప్పుడు తప్పు కరెంటోళ్లదయింది. అప్పటికి ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయాయి. నిమిషానికోసారి సేవ్ చేస్తూ, కరెంటు ఉన్నంతసేపు చేస్తే, పొద్దు గూకేసరికి మళ్లీ ముప్పై ఇద్దరే నిలబడ్డారు.

నాగేందర్ ఫోన్ చేశాడు. "అక్క, ఎంతవరకు వచ్చింది?"

"మొహాలు కుదురుతున్నయి," అంది.

"రేపు నాలుగింటికి. హైదరాబాదాయన రెండుసార్లు ఫోన్ చేసిండు."

ఫోన్ పెట్టేసి ఆమె రంగులు మారుతున్న గదిలో కాసేపు కూర్చుంది. కార్డు బాగా లేదని అంటే, కార్డు బాగానే ఉందని ఆయన రుజువు చేస్తాడు. నిజానికి కార్డు బాగానే ఉంది. ఇరవై రెండేళ్లలో ఆయనతో వాదించి ఎవరూ గెలవలేదు. ఆయనతో ఆయనే వాదిస్తే ఏమవుతుందో మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి జ్యోతిరాణి టీ గ్లాసులు పట్టుకుని వెనక తలుపు నుంచి కాక, సందులోంచి తిరిగి షాపు ముందువైపు నుంచి వచ్చింది. బెంచీ మీద ముగ్గురు రైతులు ఉన్నారు. అందరికంటే ముందు లింబయ్య, తలకు తువ్వాల, ఎప్పటినుంచో తేలని బేరంతో.

"పక్క పొలం బాలన్నది ఏడున్నర. నాకు పది పెట్టు," అంటున్నాడు.

"కాక, నీ బోరుల నీళ్లు రెండు ఇంచులు వొస్తయి. అయిదు చాలు అని ఎన్నిసార్లు చెప్పాలె?"

"బాలన్న నవ్వుతడయ్య."

"నవ్వుకోని. నీ మోటర్ కాలినంక ఏడుస్తవు."

జ్యోతిరాణి గ్లాసులు అందించి, చివరి గ్లాసు భర్త ముందు పెట్టి, పని గుర్తొచ్చినదానిలా ఆగింది.

"మా తమ్మునికి ఒక మోటర్ కావాల్నట. నిన్నడగమన్నడు."

బామ్మర్దులు సలహా అడగడం రాజేందర్‌కు చాలా అరుదైన సంతోషం. కాయిల్ పక్కన పెట్టి మరీ తిరిగాడు.

"లోతెంత?"

"లోతు లేదట. చెయ్యి పెడితే అందుతయట."

"పైపులు?"

"మూడు. మూడు ఒక్కటే సైజు."

"ఇంకో పైపు పెంచుడున్నదా?"

"లేదట. మూడే."

"కరెంటు?"

"నమ్మకం లేదట. పోయినప్పుడల్ల బ్యాటరీ మీద గుంజాలె."

రాజేందర్ బెంచీ మీదివాళ్లను ఒకసారి చూశాడు, పాఠం మొదలుపెట్టే పంతులులా. "ఇనుండ్రి. బ్యాటరీ మీద అన్నప్పుడు ఇంక రెండో మాట లేదు. అన్నిట్లకెల్ల సిన్నది. నీళ్లు చేతికి అందుతుంటె పెద్ద మోటర్ ఏం జెయ్యాలె? పైపు మూడైతె నీళ్లు మూడు పైపులంతనే వస్తయి. మోటర్ పెద్దదైతె నాలుగో పైపు పుట్టదు. ఉన్న బ్యాటరీ తాగుతది, అంతే."

"నేను గదే చెప్పిన," అంది జ్యోతిరాణి. "ఇనడు. ఎవలో మిల్లు సేటు పెద్దది కొన్నడట, గసొంటిదే కావాలంటడు."

"మీ తమ్మునికి అకల్ లేదు, బుద్ధి లేదని చెప్పు."

లింబయ్య తప్ప అందరూ నవ్వారు.

"చెప్త," అంది ఆమె, ఖాళీ గ్లాసు తీసుకుంటూ. "దూరం లేదు. బోరు మన వెనక అర్రలనే, నా కంప్యూటర్ కాడనే ఉన్నది. మూడు తెరలకు మూడు ఫ్యాన్లది బిగించిండు ఒగాయన. కింద చెక్కముక్క గూడ పెట్టిండు."

లింబయ్యకు మొత్తం అర్థం కాలేదుగానీ, తాను ఒక్కడే కాదన్నంతవరకు అర్థమైనట్టుంది. టీ చాలా శ్రద్ధగా తాగాడు.

రాజేందర్ కాయిల్ వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. "బ్యాటరీ గూడ పాతదే," అన్నాడు. అయినా లేచాడు. లోపలికి వెళ్లి చెక్కముక్క తీసి, కార్డు ఊడబీకి, డబ్బాలో సర్ది, షాపు షట్టరు సగం దించాడు. గిరాకీ వేళ ఆ షట్టరు దిగడం వీధిలో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"మరి నా పది హెచ్‌పీ?" అన్నాడు లింబయ్య.

"రేపు రా కాక."

"ఏం కార్డు తేవాల్నో తెలుసా?" అంది జ్యోతిరాణి.

"తెలుసు," అన్నాడు. ఆమె ఫోన్‌లో ఉన్న ఫొటో ఆయన ఫోన్‌కు పంపింది. అది వచ్చేదాకా ఆయన బండి స్టార్ట్ చేయలేదు.

ప్రేమ్‌తో ఏం మాట్లాడాడో తెలియదు. పన్నెండున్నరకు చిన్న డబ్బాతో వచ్చాడు. అరచేయంత కార్డు, ఇప్పుడు పెద్ద రంధ్రంతో ఉన్న ఆ కంప్యూటరు డబ్బాలో, ఊరి ఫంక్షన్ హాల్లో ఒక్కడే కూర్చున్న మనిషిలా ఉంది. మూడు తెరలూ వెలిగాయి. లైట్లు లేవు, చప్పుడు లేదు.

రెండు గంటల పది నిమిషాలకు కరెంటు పోయింది. ఇన్వర్టరు ఒక్కసారి టిక్కుమంది. మళ్లీ తగిలించిన ఫ్రిజ్ గుర్రుమంది. రాజేందర్ తలుపు దగ్గర నిలబడి ఇన్వర్టరు వైపు చూస్తున్నాడు. జ్యోతిరాణి తెర వైపే చూస్తోంది. ఏమీ జరగలేదు. కొంచెంసేపటికి ఆయన షాపులోకి వెళ్లిపోయాడు.

మూడింటికి డెబ్బయొక్కరూ నిలబడ్డారు. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుని దూరం నుంచి చూసింది. మొదటి తెరలో రెండో వరస చివర బాపురావు, కళ్లజోడుతో. మూడో తెరలో కింద ఒకాయన, కళ్లజోడు లేదు, మీసం నల్లగా ఉంది, కానీ చెవులు మాత్రం బాపురావువే. కమిటీవాళ్లే ఆయన ఫొటోలు రెండు పంపారు. పాత చిన్న తెర మీద ఈ రెండు జతల చెవులూ ఈ జన్మకు కలిసేవి కావు.

నాగేందర్‌కు ఫోన్ చేసింది. అతను కమిటీకి చేశాడు. కమిటీ తమ లిస్టు తాము చదువుకుని, పదిహేను నిమిషాల తర్వాత సంగతి తేల్చింది. లేనిది నాగవ్వ, కమిటీలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. ఆమె ఫొటో పంపాలని ఎవరికీ తోచలేదు. ఆధార్ కార్డు ఫొటో వచ్చింది. జ్యోతిరాణి కొంగు సరిచేసి, వెలుతురు పెంచి, మిగతా డెబ్బై మందితో సరిగ్గా ఒకే కొలతలో నాగవ్వను నిలబెట్టింది. నాలుగుకు పది నిమిషాల ముందు ఫైలు వెళ్లింది.

నాగేందర్ నుంచి వాట్సాప్‌లో ముందు ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. తర్వాత ఇంకో రెండు కమిటీల ఫొటోలు వచ్చాయి. తర్వాత, "బతికిపోయిన అక్క, ఈసారి ఏ హన్మాండ్లు వచ్చి ప్రెస్సుల కూసోడు," అని వచ్చింది.

రాత్రి భోజనాల దగ్గర రాజేందర్ రెండోసారి కూర అడిగి వేయించుకున్నాడు. కార్డు ఊసు ఎత్తలేదు. జ్యోతిరాణి కూడా ఎత్తలేదు. గోడ వంకర అని ఇరవై రెండేళ్లు విన్న మనిషి ఇంకో రోజు ఆగగలదు.

శనివారం పొద్దున లింబయ్య వచ్చాడు. షాపులో రిపేరైన మోటారు ఒకటి పరీక్షకు తిరుగుతోంది, చెవులు దద్దరిల్లేటట్టు. జ్యోతిరాణి టీ తీసుకుని వెనక తలుపు దగ్గరికి వచ్చి, వాళ్లిద్దరి వీపులూ చూసి అక్కడే ఆగింది.

"బాలన్నది ఏడున్నర," అని లింబయ్య మొదలుపెట్టాడు.

"కాక," అన్నాడు రాజేందర్, మోటారు మీదుగా గొంతు పెంచి. "నిన్న ఆమె చెప్పింది మా బామ్మర్ది ముచ్చట కాదు. నేనే. మిల్లు సేటు కొన్నడంటె నేను గూడ కొన్న. ఇంట్ల దీపం నిలవడలే. ఆమె పని పోతుండె. తప్పు నాదే. నువ్వు అయిదు తీస్కపో."

లింబయ్య చాలాసేపు ఆలోచించి, అయిదే చూపించమన్నాడు.

"ఏమన్నవు?" అంది జ్యోతిరాణి వెనక నుంచి. "మోటర్ సప్పుడుకు ఇనవడలే."

రాజేందర్ తిరిగి చూశాడు. ఆమె చేతిలో టీ మీద మీగడ కట్టి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో ఆయనకు తెలిసింది. ఆయనకు తెలిసిందని లింబయ్యకు కూడా తెలిసింది. రాజేందర్ చెయ్యి చాపి స్విచ్ తీశాడు. మోటారు వెంటనే ఆగలేదు. తిరిగి, తిరిగి, నెమ్మదించి, చివరి చుట్టు తిరిగి నిలబడింది. అంతవరకూ ముగ్గురూ దాన్నే చూశారు.

"తప్పు నాదే," అన్నాడు రాజేందర్. "సిన్నదే తేవాల్సి ఉండె."